మూడో పిన్ను

ఖమ్మం
2025 ఆగస్టు 10

అమ్ములూ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి “తాతయ్యా, స్కూటర్ బుక్ చేశా, కరెంటు బండి, పచ్చ నంబరు ప్లేటు వస్తుంది” అని అంత సంబరంగా చెబితే నేను ఊఁ కొడుతూ ఉండిపోయానని చిన్నబుచ్చుకున్నావట, మీ అమ్మ చెప్పింది. సంతోషం లేక కాదు తల్లీ. నువ్వు ఆ మాట అంటూండగానే నా మనసు నిజాంపేటలో మీ అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగిపోయి, అక్కడ ప్లగ్గు ఏ గోడకుందో, దాని వెనక ఎర్తు వైరు ఉందో, లేక ఊరికే మూత బిగించి వదిలేశారో వెతుక్కుంటోంది. ఫోన్లో చెబుదామంటే నీకు టైముండదు, నాకు మాట మీద మాట వచ్చి అసలుది జారిపోతుంది. అందుకని కాగితం ముందు కూర్చున్నాను. తీరిగ్గా చదువు, బస్సులో కాదు.

నేను 1978లో లైన్‌మన్‌గా చేరితే నా మొదటి బండి, ఆ టీవీఎస్ ఫిఫ్టీ, ఏడేళ్లకి గానీ కొనలేకపోయాను, అదీ మీ అమ్మమ్మ చీటీ పాడి ముందు కట్టాల్సిన డబ్బు చేతికిస్తే. నువ్వు ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదికే, ఎవర్నీ అడక్కుండా, ముందు డబ్బు కట్టి, మిగతాది నెలనెలా కట్టుకుంటానని లెక్క వేసుకుని మరీ చెప్పావు. నిన్న రాఖీ పండక్కి వచ్చిన వాళ్లందరికీ మీ అమ్మమ్మ ఈ సంగతే చెప్పింది, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పింది, నేను అడ్డు చెప్పలేదు.

నీకు గుర్తుందో లేదో, నీకు ఐదేళ్లప్పుడు సెలవులకి వచ్చినన్నాళ్లూ నేను ఇంట్లో ఏ స్విచ్‌బోర్డు విప్పినా స్టూలు పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడేదానివి, చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చేదానివి గానీ వెలుతురు కదలనిచ్చేదానివి కాదు. అలా ఓ రోజు మిక్సీ ప్లగ్గు చేతిలోకి తీసుకుని “ఈ మూడో పిన్ను ఎందుకు లావుగా ఉంది, పొడుగ్గా ఉంది?” అని అడిగావు. నేనేం చెప్పానో నాకు బాగా గుర్తు. ప్లగ్గు పెట్టేటప్పుడు మిగతా రెండిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలి, అందుకని పొడుగు, అన్నాను. మామూలు రోజుల్లో దానికి పనేమీ లేదు. మిక్సీ తిరగటానికి అది అక్కర్లేదు, బల్బు వెలగటానికి అక్కర్లేదు. లోపల ఎక్కడో వైరు తెగి రేకుకి తగిలిన రోజున, ఆ కరెంటు మన ఒంట్లోంచి కాకుండా తనలోంచి భూమిలోకి పోనిస్తుంది. నువ్వు కాసేపు ఆలోచించి “అయితే అది మనకోసం ఊరికే నిలబడి ఉంటుందా” అన్నావు. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని శిక్షణ తరగతుల్లో కూర్చున్నానో, ఎర్తింగు గురించి అంత బాగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

ఆ పిన్నుని కోసేసిన ఇల్లు ఒకటి నేను చూశాను. గోడకున్నది రెండు పిన్నుల సాకెట్టు, కొత్తగా కొన్న గ్రైండరుకి మూడు పిన్నులు, ఎవరో రంపపు బ్లేడుతో మూడోది కోసేసి పని కానిచ్చారు. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ముసురు పట్టిన ఓ సాయంత్రం ఆ ఇల్లాలు తడి నేల మీద, తడి చేత్తో గ్రైండరు పట్టుకుంది. పక్కింటి కుర్రాడు మెయిన్ ఆపబట్టి బతికింది. నేను వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని వణుకుతోంది, మాట రావటం లేదు. ఇప్పటికీ వానాకాలం మొదటి జల్లు పడితే నాకు ఆవిడే గుర్తొస్తుంది. మన ఇంట్లో తులసికోట పక్కన ఎర్తు గొయ్యి ఉంది చూడు, ఉప్పూ బొగ్గూ వేసి నేనే తవ్వించింది, అది ఎండితే పని చెయ్యదని, ఎండాకాలం మీ అమ్మమ్మ తులసికి నీళ్లు పోసి మిగిలిన చెంబు అందులో పోస్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా గుర్తు చెయ్యాల్సిన పని పడలేదు.

సరే, నీ సెల్లారుకి వద్దాం. ఆ గోడకున్న ప్లగ్గు బల్బుకో ఫ్యానుకో సరిపోతుంది. నీ బండి చార్జరు మూడు నాలుగు గంటలు ఆగకుండా లాగుతుంది, ఆ తేడా చాలా పెద్దది. సాకెట్టులో పట్టు వదులుగా ఉంటే అక్కడే వేడి పుడుతుంది, ముందు ప్లాస్టిక్కు పసుపు పచ్చగా మారుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత వాసనొస్తుంది. చార్జింగు పెట్టిన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడు, గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చురుక్కుమంటే ఆపెయ్యి. పదహారు యాంపుల మంచి సాకెట్టు, దానికి విడిగా ఒక ఎమ్‌సీబీ, దానితోపాటు ముప్పై మిల్లీయాంపులకి పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించు. చాలామంది ఎమ్‌సీబీ ఉంది కదా అని ఊరుకుంటారు. ఎమ్‌సీబీ కాపాడేది వైరుని, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. రెండోదాని ఖరీదు చూసి ఓనరు గారు వద్దంటే ఆ డబ్బు నేనిస్తాను, నువ్వు బేరమాడకు.

నీది మూడో అంతస్తు. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిందికి వేలాడదీసే ఆలోచన మాత్రం పెట్టుకోకు. పోయిన సంక్రాంతికి హైదరాబాదులో మా స్నేహితుడింటికి వెళ్తే అలాంటిది చూశాను, పల్చటి తీగ, నాలుగో అంతస్తు నుంచి, మధ్యలో టేపు చుట్టిన అతుకు, కింద పిల్లలు ఆడుకుంటున్నారు. నీ ఫ్లాటు మీటరు ఎలాగూ సెల్లారులోనే ప్యానెల్లో ఉంటుంది, అక్కణ్నుంచి నీ పార్కింగు దాకా పైపులో సరైన రాగి కేబుల్ లాగించుకోవచ్చు. ఓనరు గారు సందేహిస్తే చెప్పు, ఇంటికున్న కరెంటు కనెక్షన్ మీదే సొంత బండి చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. ఒప్పుకున్నాక ఆ మాట ఫోన్లో మెసేజీగా పెట్టించుకో, అసోసియేషన్ వాళ్లకి కూడా ఒక ముక్క రాసి పడేయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కామన్ మీటరు మీద పెట్టకు, వాచ్‌మన్ గదిలో ప్లగ్గు అసలే వాడకు. నీ బండికి మూడున్నర యూనిట్లే కావచ్చు, నీకది లెక్కలోకి రాకపోవచ్చు, కానీ నువ్వు పెట్టావని రెండో వాళ్లు, వాళ్లు పెట్టారని మూడో వాళ్లు, చివరికి ఆ బిల్లు ఎందుకు పెరిగిందని నిలబెట్టి అడిగేది ఆ వాచ్‌మన్‌నే. ఆ గదిలో వాళ్ల పిల్ల చదువుకుంటుందని నువ్వే చెప్పావు కదా. కేబుల్ లాగించే రోజున ఆ పిల్ల కూర్చునే చోట లైటు సరిగా ఉందో లేదో కూడా చూసి రా.

2022 ఏప్రిల్ నీకు జ్ఞాపకముందా? ఒకే వారంలో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ పేపరు ముక్కలు నేను కత్తిరించి దాచాను, ఇవాళ మళ్లీ తీసి చదివాను. ఆ తర్వాతే బ్యాటరీలకి భద్రతా పరీక్షలు గట్టి చేశారు, ఏఐఎస్ 156 అని పేరు, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. నీ బండి ఆ తర్వాత తయారైంది కాబట్టి నాకు కొంత ఊరట. నీ బ్యాటరీ బండికే బిగించి ఉంటుందన్నావు, మంచిదే. నీ రూమ్మేటు మాత్రం ఊడదీసి పైకి తెచ్చుకునే బ్యాటరీ బండి కొంటానంటోంది కదా, ఆ అమ్మాయికి నా మాటగా చెప్పు, పడుకునే గదిలో వద్దు, గుమ్మం దగ్గరా మెట్ల దగ్గరా వద్దు, నిప్పంటుకుంటే బయటికి పారిపోవాల్సిన దారి అదే కదమ్మా. బండి దిగగానే కాకుండా అరగంట చల్లారనిచ్చి పెట్టుకోవాలి, కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి, రాత్రి పెట్టి నిద్రపోకూడదు. బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి వాసనలాంటిది వచ్చినా, బుస్సుమన్నా దగ్గరికెళ్లి చూడకుండా అందర్నీ బయటికి పిలిచి 101కి ఫోన్ చెయ్యాలి. చివరి మాట నీకు కూడా.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకి రోడ్డు ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ లేవు, కాబట్టి షోరూము వాళ్ల బిల్లులో ఆ రెండింటి పేరుతో ఏదైనా రాస్తే అదేమిటని అడుగు. కేంద్రం సబ్సిడీ, పీఎం ఈ-డ్రైవ్, ఈ ఏడాది కిలోవాట్ అవర్‌కి రెండున్నర వేల చొప్పున ఐదు వేలు మించకుండా, నీ బిల్లులోనే తగ్గించి చూపించాలి. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి, కరెంటు బండి కాబట్టి ఆ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఉంది. కానీ నీ బండికి దెబ్బ తగిలితే ఇచ్చేది వేరే పాలసీ, దాన్ని ఏడాదికోసారి నువ్వే గుర్తు పెట్టుకుని కట్టాలి, అందులో బ్యాటరీకి నీళ్లు తగిలితే ఇస్తారో లేదో అడిగి మరీ తీసుకో. పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అప్పు తీరిన రోజున బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద వాళ్ల పేరు తీయించెయ్యి. నేను టీవీఎస్ అప్పు తీర్చి ఆ పని చెయ్యకుండా ఊరుకుంటే అమ్మేటప్పుడు మూడు నెలలు తిరగాల్సి వచ్చింది.

మన వీధిలో ఓ కుర్రాడు లైసెన్సు అక్కర్లేని బండి కొన్నాడు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి పాతిక కిలోమీటర్లు మించని బండికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అవసరం లేదు, నిజమే. ఇతను మెకానిక్కు చేత ఏదో చేయించి నలభైలో తోలుతున్నాడు. అలా చేయిస్తే అది ఇక ఆ బండి కాదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సూ ఉండదు. వాళ్ల నాన్నకి చెప్పాను, వింటాడో వినడో. నువ్వు హెల్మెట్టు ఐఎస్ఐ గుర్తున్నది రెండు కొను, వెనక కూర్చునే వాళ్లకి కూడా.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి. నీ బ్యాటరీ మూడు కిలోవాట్ అవర్లని చెప్పావు, మా లెక్కలో మూడు యూనిట్లు, చార్జరు వేడికి పోయేది కలుపుకుంటే మూడున్నర. పొలంలో ఐదు హార్స్‌పవర్ మోటారు గంట సేపు నీళ్లు తోడితే దాదాపు అంత కరెంటు కాలుతుంది. ఆ గంట కరెంటుతో నువ్వు తొంభై కిలోమీటర్లు తిరిగొస్తావంటే నాకు ఎంత ఆశ్చర్యమో చెప్పలేను. దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే మోటారే జనరేటరై కరెంటు వెనక్కి పంపుతుందట కదా! శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ చూడటానికి మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు ఇదే చూసి నోరు తెరిచాను, 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, నీళ్లు కిందికి దిగుతుంటే కరెంటిస్తాయి, కావాలంటే అవే వెనక్కి తిరిగి నీళ్లని పైకెక్కిస్తాయి. అంత కొండ లోపల చూసిందే ఇప్పుడు నీ చక్రంలో ఉంది. ఒక్కటి తెలుసుకో, బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే వెనక్కి వచ్చే కరెంటుకి చోటుండదు, అప్పుడు ఆ లాగుడు బ్రేకు పని చెయ్యదు. పొద్దున్నే నిండు చార్జింగుతో ఫ్లైఓవరు దిగేటప్పుడు చేతి బ్రేకు మీద ధ్యాస పెట్టు. నీ బండికి పొగ లేదు, కానీ ఆ కరెంటులో కొంత పాల్వంచ థర్మల్ కేంద్రంలో కాల్చే బొగ్గుదే, అక్కడి గొట్టాల కింద ఊళ్లలో నేను డ్యూటీ చేశాను, ఆరేసిన బట్టల మీద బూడిద చూశాను. అందుకే అనవసరంగా చార్జరు వేలాడదీసి ఉంచితే నాకు మనసొప్పదు.

కంపెనీ వాళ్లు చెప్పే కిలోమీటర్లు వేరు, వెనక మనిషిని ఎక్కించుకుని మాదాపూరు ట్రాఫిక్కులో వచ్చేవి వేరు. మొదటి నెల ఒక నోటుబుక్కులో రాసుకో, నీ దారికి ఎంతొస్తుందో నీకే తెలుస్తుంది. ఇరవై శాతం కిందికి దిగనివ్వకు. పండక్కి పది రోజులు ఇక్కడికి వస్తే సగం చార్జింగుతో నిలిపి రా, ఖాళీగా వదిలితే పాడవుతుంది. బ్యాటరీకి ఐపీ67 అని రాస్తారు, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బ్యాటరీలోకి నీళ్లు రావని అర్థమే గానీ, నాలా పొంగిన రోడ్డు మీద దిగమని కాదు. నీళ్లలో మునిగిన బండిని చార్జింగు పెట్టకుండా సర్వీసు వాళ్లకి చూపించాలి. ఖమ్మం దాకా బండి మీద వస్తానని అన్నావు చూడు, దాదాపు రెండు వందల కిలోమీటర్లు, వద్దు తల్లీ, బస్సుకే రా.

ఆఖరికి రాయాలనుకున్నది ఇది, రాయకుండా ఉండలేనిదీ ఇదే. మేం పాత క్వార్టర్సులో ఉన్నప్పుడు, నువ్వు పుట్టకముందు, సందు మొదట్లో నులక మంచాలు అల్లే తాత ఒకాయన ఉండేవాడు, చూపు లేదు. చప్పుడు బట్టే ఆయనకి ఊరు తెలిసేది. పాల సైకిలు, బియ్యం మిల్లు లారీ, ఆఫీసు జీపు, అన్నీ గుర్తుపట్టేవాడు. నా టీవీఎస్ వస్తుంటే నులక మీంచి తల ఎత్తకుండానే “నాయనా, ఇవాళ పొద్దుపోయిందే” అనేవాడు. ఓసారి “బండి దగ్గుతోంది, చూపించు” అన్నాడు, మర్నాడు ఏన్కూరు దారిలో ఆగిపోయింది. సాయంత్రం టీ కొట్టుకి వెళ్లటానికి ఆయన రోడ్డు దాటే తీరు నేను ఎన్నోసార్లు చూశాను, అంచున నిలబడి, మెడ కొంచెం వంచి, రెండు వైపులా మోత తగ్గేదాకా విని, ఇక ఎవరూ లేరని నమ్మకం కుదిరాక అడుగు వేసేవాడు. ఆ నమ్మకం ఒక్కటే ఆయన చేతికర్ర. పోయిన నెల వైరా రోడ్డులో నేను మందులు కొనుక్కుని వస్తుంటే ఒక కరెంటు స్కూటర్ నా మోచేతిని దాదాపు రాసుకుంటూ పోయింది, దాటిపోయేదాకా నాకు తెలియలేదు, చేతిలో మందుల కవరు పడిపోయింది. నాకు చూపు ఉంది అమ్ములూ. ఆ రాత్రి ఆ తాతే నా కళ్లలో మెదిలాడు, ఆయన ఇప్పుడుంటే రోడ్డు ఎలా దాటేవాడని.

నీ బండి చప్పుడు చెయ్యదు. వెనక నుంచి వస్తున్నావని ముసలివాళ్లకి, చెవులు సరిగా వినపడనివాళ్లకి, తల వంచుకుని నడిచే పిల్లలకి, సెల్లారులో చక్రాల పక్కన పడుకున్న కుక్కలకి కూడా తెలియదు. దూరం నుంచే ఒక్కసారి చిన్నగా హారన్ కొట్టు, మీదికి వచ్చాక పొడుగ్గా కొట్టకు, అది భయపెడుతుంది. బడి దగ్గర, గుడి దగ్గర నడక వేగానికి తగ్గించు. ఆగి ఎవరితోనైనా మాట్లాడుతున్నా తాళం తిప్పి ఆపెయ్యి. పెట్రోలు బండి నడుస్తోందని చప్పుడు చెబుతుంది, ఇది ఆపి ఉందో లేదో తెలియదు, పక్కన పసివాడు హ్యాండిలు తిప్పితే ముందుకు దూకుతుంది. బయట చార్జింగు స్టేషన్లో పెడితే నీకు సరిపడా నిండగానే తీసెయ్యి, వెనక ఉండేది డెలివరీ కుర్రాళ్లు, వాళ్లకి నిలబడిన అరగంట జీతంలోంచే పోతుంది.

బండి ఇరవైన ఇస్తామన్నారు కదా, నేను 17న, ఆదివారం, మొదటి బస్సుకి వస్తున్నాను. టెస్టరు, హోల్డరుకి వైర్లు కట్టిన బల్బు సంచిలో పెట్టేశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య బల్బు ఎంత వెలుగుతుందో ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా అంతే వెలగాలి, మినుకుమినుకుమంటే అక్కడ ఎర్తు పేరుకే ఉన్నట్టు. నేను వచ్చి చూసేదాకా ఆ ప్లగ్గులో ఏమీ పెట్టకు. మీ అమ్మమ్మ గోంగూర పచ్చడి సీసా, వాచ్‌మన్ వాళ్ల పిల్లకి అరిసెలు ఇస్తోంది. సెల్లారులో వెలుతురు చాలదన్నావు, టార్చి నువ్వు పట్టుకోవాలి.

నీ
తాతయ్య